కొల్లేరులో మాడిన ప్యానెళ్ళు

ఈమధ్య మా వీధిలో ఇద్దరు కుర్రాళ్ళు సోలార్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని పూతరేకులు పట్టుకొచ్చారు. "మీరూ ఆ లైన్లోనే చేసేరు కదండీ, ఏవన్నా సలహా చెప్పండి" అన్నారు. నేను గొంతు సవరించుకునేలోపే ఒకడి ఫోను మోగింది, రెండోవాడు బండి స్టార్ట్ చేశాడు. సరే, వినే ఓపిక లేనివాళ్ళకి చదివే ఓపికైనా ఉంటుందేమోనని కూర్చుని రాస్తున్నాను. సలహాలు నా దగ్గర లేవు. నోట మాట రాకుండా నిలబడిపోయిన రోజు ఒకటుంది. అది చెప్తాను.

మా ఇల్లు ఏలూరు, ఉద్యోగం తాడేపల్లిగూడెం. రోజూ పాసింజరు బండిలో పోయి వచ్చేవాణ్ణి. అంతకుముందు టీవీలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ సెక్షన్లో ఉండేవాణ్ణి. అది మూతపడ్డాక, జుట్టు నెరిసిన వయసులో ఈ చిన్న యూనిట్‌లో చేరాను. యూనిట్ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. అదొక పాత ఉల్లిపాయల గోడౌను. ఎన్ని సున్నాలు వేయించినా వానాకాలం వచ్చేసరికి గోడల్లోంచి ఉల్లిపాయ ఘాటు మళ్ళీ బయటికొచ్చేది. మా యజమాని జీవితమంతా ఉల్లిపాయల వ్యాపారం చేసి, హాయిగా కాళ్ళు చాపుకోవలసిన వయసులో ఈ సోలార్ పిచ్చి తగిలించుకున్నాడు. నెమ్మదస్తుడు. కోపం వస్తే "చూద్దాంలెండి" అనేవాడు, సంతోషం వచ్చినా అదే అనేవాడు.

మేం చేసే పని ఇదీ. పెద్ద ఫ్యాక్టరీల్లో సోలార్ సెల్ తయారయ్యేటప్పుడు అంచు విరిగిందనో, రంగు తేడా వచ్చిందనో పక్కన పెట్టేసే సరుకు ఉంటుంది. అది చవగ్గా తెచ్చి, బావున్న మేరకి కోసి, ఆ ముక్కల్ని రాగి రిబ్బనుతో టంకం పెట్టి వరసగా కలిపి, పైన అద్దం కింద ప్లాస్టిక్ షీటు పెట్టి వేడిచేసి అతికించేవాళ్ళం. అతికించే మిషను విదేశాల నుంచి తెప్పించాలంటే గోడౌను అమ్మినా చాలదు. అందుకని ఏలూరులో రైసు మిల్లులకి బాయిలర్లు చేసే ఒకాయన్ని బతిమాలి చేయించాం. చూడ్డానికి ఇనప్పెట్టెలా ఉండేది గానీ, పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

ఈ చవక విద్యలన్నీ మా ఇంజినీరువి. ముప్ఫై నిండని మనిషి. బీదవాడు కొనుక్కోలేని సోలార్ ఎందుకండీ అని నిలదీసేవాడు, అందులో నిజాయితీ ఉంది, కాదనను. ప్యానెల్లో ప్రతి వస్తువు దగ్గరా ఆగి "ఇది లేకపోతే ఏవవుతుంది?" అని అడిగేవాడు. ఏవీ అవదు అనుకుంటే తీసేసేవాడు. అలా చాలా తీసేశాడు. ధర దిగింది. మేమందరం చప్పట్లు కొట్టాం.

ఇక ఈ కథకి అసలు మనిషి, ఒకావిడ సంగతి. టంకం పెట్టే ఆడవాళ్ళలో ఆవిడ్ని మించినవాళ్ళు లేరు. పుట్టిల్లు నరసాపురం వైపు, చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన చెయ్యి. మెట్టినిల్లు కొల్లేటి లంకలో ఒక ఊరు. వారమంతా గూడెంలో పిన్నిగారింట్లో ఉండి పని చేసుకుని, ఆదివారం ఊరెళ్ళి వచ్చేది. సెల్ అంటే ఏవిటనుకున్నారు? అప్పడం. కాస్త గట్టిగా ఊపిరి వదిలితే విరుగుతుందేమో అనిపిస్తుంది. మిగతావాళ్ళు రోజూ ఎన్నో కొన్ని విరిచి పక్కన పడేసేవాళ్ళు. ఆవిడ బల్ల కింద ముక్క ఉండేది కాదు. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. నా నోటి దురుసుకి మిగతా అందరూ జడిసేవాళ్ళు, ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

ఒకరోజు ఆవిడే యజమాని దగ్గరికి వెళ్ళి నిలబడింది. అంతకుముందు ఏడాది ఆవిడ మరిది చేపల చెరువు గట్టు మీద కాపలాకి వెళ్ళి, చీకట్లో పాము కరిచి పోయాడు. ఇప్పుడు ఆ కాపలా ఆవిడ భర్తది. "గట్టు మీద పాకల్లో దీపాలు లేవండీ. మన ప్యానెళ్ళు మా ఊళ్ళో పెట్టి చూడండి. నేను పూచీ" అంది. యజమాని ఒప్పుకున్నాడు. ఎలాగూ ఎక్కడో ఒకచోట వాడి చూడాలి కదా. కానీ ఒక మాట అన్నాడు. "జాగ్రత్తగా వాడుకోవాలమ్మా. వేరే ఊళ్ళవాళ్ళూ అడుగుతున్నారు. పాడుచేసేరంటే మాత్రం ఊడదీయించి వాళ్ళకిచ్చేస్తాను." ఆవిడ సరేనంది. ఆ ఊరి ప్యానెళ్ళన్నీ పట్టుబట్టి తన చేత్తోనే చేసింది. ప్యానెల్ నిలబెట్టడానికి ఇనప స్తంభం ఖరీదెక్కువని ఇంజినీరు అదీ తీసేశాడు. నాలుగు వెదురు కాళ్ళ మీద నడుమెత్తున, కాస్త ఏటవాలుగా బిగించాం. గట్ల మీద దీపాలు వెలిగాయి.

ఎండలు ముదిరేసరికి ఒక ప్యానెల్ తిరిగొచ్చింది. కింద కుడివైపు మూల సెల్ గోధుమరంగుకి తిరిగి, వెనక ప్లాస్టిక్ పొంగి నల్లగా మాడిపోయింది. తర్వాత ఇంకొకటి వచ్చింది, అదీ ఆ మూలే. మూడోది కూడా ఆ మూలే. చేపల వాసన గుప్పున కొట్టింది. కొల్లేరు నుంచి వచ్చిన కాగితం కూడా చేపల వాసనే వేస్తుంది కదా అని మేమెవరం పట్టించుకోలేదు.

ఇంజినీరు మాత్రం ఆ మూలని పట్టుకున్నాడు. టంకం పని పై ఎడమ మూల మొదలై, సరిగ్గా ఆ కింది కుడి మూలకే వచ్చి ముగుస్తుంది. "చూడండి, చివరికొచ్చేసరికి చెయ్యి అలిసిపోతోంది. అతుకు సరిగ్గా పడట్లేదు. సరిగ్గా పడని అతుకు వేడెక్కి మాడుతుంది" అన్నాడు. వినడానికి ఎంత బావుందో చూశారా! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏవయ్యా, ప్రతిదీ నేను టెస్ట్ చేసి పంపినదే. నా కళ్ళేం కాకులెత్తుకుపోయాయా?" అని ఎగిరాను.

ఆవిణ్ణి పిలిచారు. మాడిన ప్యానెల్ ముందు పెట్టి అందరి ఎదుటా అడిగారు. ఆవిడ వంగి ఆ మూలని చాలాసేపు చూసింది. వేలితో తడిమింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాదేనండీ తప్పు" అంది. "ఆ మూలకొచ్చేసరికి చెయ్యి వణుకుతోందండీ ఈమధ్య."

"నీ చెయ్యి వణకడవేవిటి? నేనెప్పుడూ చూళ్ళేదే!" అన్నాను.

"మీరు చూడనప్పుడు వణుకుతుంది బాబాయ్ గారూ" అంది తల ఎత్తకుండా. ఆ తర్వాత యజమాని వైపు తిరిగి చేతులు జోడించింది. "మా ఊరివి మాత్రం తియ్యకండి. తప్పు వాళ్ళది కాదు, నాది. వేరేవాళ్ళ చేత చేయించి మార్చి ఇవ్వండి."

యజమాని ఎప్పటిలాగే మెత్తగా, "మారుస్తాంలే అమ్మా. నువ్వు కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకో" అన్నాడు. మెత్తగా అన్నంత మాత్రాన ఉద్యోగం పోయినట్టు కాకుండా పోతుందా? ఆ సాయంత్రం ఆవిడ బల్ల శుభ్రంగా తుడిచి, టంకం పెట్టే ఐరన్ చల్లారేదాకా ఆగి, స్టాండులో పెట్టి వెళ్ళిపోయింది.

కొత్త ప్యానెళ్ళు ఇంకో అమ్మాయి చేసింది. తీసుకెళ్ళి మార్చారు. కొన్నాళ్ళకి వాటిలో ఒకటి తిరిగొచ్చింది. ఏ మూల మాడిందో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

"మరి దీనికేం చెప్తావయ్యా?" అన్నాను ఇంజినీరుతో.

అతను కాస్త తడబడ్డాడు. "ఈ అమ్మాయికి పని నేర్పింది ఆవిడే కదండీ. అదే అలవాటు వచ్చుంటుంది" అన్నాడు.

ఓరి నాయనో! చదువు మనిషి చేత ఎంతెంత మాటలు చెప్పిస్తుందో అనుకున్నాను. మర్నాడు సెలవు పెట్టేసి, పొద్దున్నే ఏలూరు నుంచి బస్సెక్కాను.

బస్సు దిగి ఆటో, ఆటో దిగి గట్టు మీద నడక. రెండువైపులా చెరువులు, కర్రలకి వేలాడుతున్న మేత బస్తాలు, దూరంగా నీళ్ళ మీద గూడబాతులు. ఎండ మాడ్చేస్తోంది. మొదటి పాక కనపడింది. దాని పక్కనే మా ప్యానెల్. నేను పదడుగుల దూరంలో ఆగిపోయాను.

ప్యానెల్ కింద కుడివైపు మూల, చక్కగా వరసగా, పరిగెలు ఎండేసి ఉన్నాయి. వేలెడంత చేపలు. తోకలన్నీ ఒకవైపు, తలలన్నీ ఒకవైపు.

పక్క పాక దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్ళాను. అక్కడా అంతే. ఆ పైదాని మీద రొయ్యపొట్టు. అన్నీ ఆ మూలే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాకలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. టంకం పెట్టే ఆవిడకి అత్తగారు. నేనెవరో చెప్పగానే నులకమంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఎంత మర్యాద చేసిందో.

"ఇవేవిటమ్మా దాని మీద?" అన్నాను, చెయ్యి చూపించి.

"పరిగెలు బాబూ. నేల మీద ఎండేస్తే కుక్కలు, మట్టి. ఇదైతే అద్దం కదండీ, శుభ్రంగా ఉంటుంది" అంది. నా మొహం చూసి కంగారుపడింది. "అబ్బే, మేం దాన్ని పాడుచెయ్యట్లేదండీ. మొదట్లో తెలియక సగం మేర పరిచేవాళ్ళం. రాత్రి దీపం మసకేసింది. పాపం దానికీ ఎండ కావాలి కదా అని, ఇప్పుడు ఒక్క మూలే వాడుకుంటున్నాం. మిగతాదంతా మీ కరెంటుకే వదిలేసేం."

"ఆ మూలే ఎందుకమ్మా?"

"అటువైపంతా నీళ్ళకి వాలు, గట్టు మీద నుంచి చెయ్యి అందేది ఈ మూలే కదా బాబూ. పైగా ఆ మూల మహిమేవిటో గానీ, భలే తొందరగా ఎండుతాయండీ. ఒక్కోసారి ఆదమరిస్తే మాడిపోతాయి కూడా!"

చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ మూల వేడి వాళ్ళకి తెలుసు. ఆ వేడి బావుందని అక్కడే పెడుతున్నారు!

మధ్యాహ్నం దాటాక రొయ్యలు ఒలిచే షెడ్డు నుంచి ఆడవాళ్ళని తీసుకొచ్చే వ్యాను వచ్చింది. అందులోంచి ఆవిడ దిగింది. నన్ను చూసి నిలబడిపోయింది. తర్వాత ప్యానెల్ వైపు చూసింది. ఆ చూపుతో నాకు సగం అర్థమైపోయింది.

"నీకు తెలుసు" అన్నాను.

"తెలుసండీ" అంది. "ఆ రోజు ప్యానెల్ మీద వంగినప్పుడే వాసన తెలిసిపోయింది. ఆ మూల అత్తయ్యగారు చేపలు ఎండేస్తారని ఆదివారాలు చూస్తూనే ఉన్నాను. దాని వల్ల మాడుతుందని మాత్రం నాకప్పటిదాకా తెలీదు బాబాయ్ గారూ."

"మరి చెప్పొచ్చు కదా! నోరు లేదా? నీ చెయ్యి వణుకుతోందని అంతమంది ముందు అబద్ధం ఆడతావా? బంగారం లాంటి చెయ్యి!" నేను గట్టు మీద నిలబడి కేకలు పెడుతున్నాను.

"చెప్తే ఊడదీయించేస్తారు కదండీ" అంది నెమ్మదిగా. "పాడుచేసేరంటే తీసేస్తానని ఆయన ముందే అన్నారు కదా. నాకు గూడెంలో పని పోతే రొయ్యల షెడ్డు ఉంది. గట్టు మీద దీపం పోతే మా ఆయనకి ఏవుంది? మరిదిని మోసుకొచ్చినప్పుడు నేనే కాళ్ళు పట్టుకున్నాను బాబాయ్ గారూ."

నా నోరు మూతపడింది. అప్పుడు చూశాను ఆవిడ చేతులు. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో నాని, వేళ్ళన్నీ పాలిపోయి, చివర్లు పగిలి ఉన్నాయి. ఒక గోరు ఊడిపోయింది.

"మీరు చెప్పేస్తారా?" అని అడిగింది. "ముందు ఆ చేతులకి ఏదన్నా మందు రాసుకో" అన్నాను. వచ్చేటప్పుడు మాత్రం వాళ్ళ అత్తగార్ని అడిగి, గుప్పెడు పరిగెలు కాగితంలో పొట్లం కట్టించుకున్నాను. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు లెండి.

మర్నాడు గోడౌను వెనక ఖాళీ స్థలంలో ఒక మంచి ప్యానెల్ తెచ్చి ఎండలో పెట్టి, బ్యాటరీ కలిపాను. కింది కుడి మూల పొట్లం విప్పి చేపలు పరిచాను. పనివాళ్ళందరూ గుమిగూడి ఒకటే నవ్వు. ముసలాయనకి వడదెబ్బ కొట్టిందన్నారు. ఇంజినీరు కూడా నవ్వుతూనే వచ్చాడు. యజమాని వచ్చి, "ఏవిటండీ ఈ వేషాలు?" అన్నాడు.

"ఆగండి" అన్నాను.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వేపుడు వాసన మొదలైంది. నవ్వులు తగ్గాయి. ఇంజినీరు వంగి ఆ మూల అద్దం మీద చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. పక్క సెల్ మీద పెట్టాడు, మామూలుగా ఉంది. ప్యానెల్ ఎత్తి వెనక వైపు చూశాడు. తెల్లటి ప్లాస్టిక్ ఆ మూల పొంగుతోంది.

అతని మొహం చూసి నాకే భయమేసింది. గోడకి ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

"డయోడ్" అన్నాడు. "నేను తీసేసిన డయోడ్."

తర్వాత అతనే అందరికీ చెప్పాడు. సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి. ఒకదాని మీద నీడ పడితే అది కరెంటు ఇవ్వడం మానేస్తుంది. మిగతావన్నీ కలిసి తమ కరెంటుని దాంట్లోంచి బలవంతంగా తోస్తాయి. అది వేడెక్కి మాడిపోతుంది. అలా కాకుండా కరెంటుని పక్క దారిన పంపడానికి పెట్టేదే డయోడ్, గోరంత వస్తువు. "చిన్న ప్యానెల్ కదా, ఆరుబయట పెడతారు కదా, నీడెక్కడిది అనుకున్నానండీ. ఇది లేకపోతే ఏవవుతుందని కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఆవిడ..." అని ఆగిపోయాడు.

యజమాని ఆ చేపల్ని చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నేను ఊళ్ళో చూసినదీ, ఆవిడ అన్నదీ, ఆవిడ చేతుల సంగతీ మొత్తం చెప్పేశాను. చెప్పకుండా దాస్తే ఆవిడ ఉద్యోగం రాదు, చెప్తే దీపాలు పోతాయి.

"తీసుకొచ్చేయండి, ఆ ఊరి ప్యానెళ్ళన్నీ" అన్నాడు యజమాని.

నాకు రక్తం పొంగింది. "తీసుకురాను" అన్నాను. "చేపల మధ్య బతికేవాళ్ళకి చేప నీడ తట్టుకోలేని సరుకు ఇచ్చింది మనం. ముందు నన్ను తీసెయ్యండి, తర్వాత దీపాలు తీద్దురుగాని."

"మీ కోపం తగలెయ్యా, పూర్తిగా వినండి. డయోడ్ పెట్టకుండా ఎలా ఉంచుతామండీ వాటిని? పాకలు కాలిపోవూ?" అన్నాడాయన. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పైకి లేవడం విన్నాను.

ఇంజినీరు లేచి నిలబడ్డాడు. "ఒక్కటి కూడా ఊరికే తీసుకురావద్దండీ. ముందు కొత్తవి చేద్దాం. అవి బిగించాకే పాతవి విప్పుదాం. ఆ లోపల నేనెళ్ళి చేపలు పెట్టొద్దని బతిమాలుకుంటాను. ఆవిణ్ణి కూడా నేనే తీసుకొస్తాను." యజమాని "చూద్దాంలెండి" అనలేదు. "వెళ్ళు" అన్నాడు.

అతను వెళ్ళాడు. అక్కడేం మాట్లాడాడో నన్నడక్కండి, అతనూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. రెండో రోజు ఆవిడ వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. వేళ్ళకి కట్లు. పదిరోజులు ఆగమ్మా అని నేనన్నా వినలేదు. ఊరి ప్యానెళ్ళు తనే చెయ్యాలంది. అందరం పని మానేసి చూస్తున్నాం, ఏదో పెళ్ళికూతురు వచ్చినంత సంబరం.

ఐరన్ వేడెక్కింది. ఆవిడ మొదటి సెల్ తీసి, రిబ్బను ఆనించింది. టప్‌మని విరిగింది.

ఆవిడ ఆ ముక్కలకేసి చూసింది. తర్వాత నాకేసి. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"చూసేరా బాబాయ్ గారూ, వణుకుతోంది" అంది. "ఆ రోజు నేను అబద్ధం ఆడలేదేమోనండీ. నిజంగానే నా చెయ్యేనేమో."

ఇన్నాళ్ళూ అది ఆవిడ వాళ్ళ ఊరి కోసం చెప్పిన అబద్ధం అనుకున్నాను. ఐసు నీళ్ళలో చేతులు పెట్టుకుని, ఆ మాటే రోజంతా నమిలి నమిలి, ఆవిడ దాన్ని నమ్మేసింది.

ఇంజినీరు ఆ ముక్కలు పక్కకి తీశాడు. ఇంకో సెల్ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. అదీ విరిగింది. మరొకటి పెట్టాడు. ఒక్క సెల్ పోతేనే గుండె బాదుకునే మనిషి, అలా తెచ్చి పెడుతూనే ఉన్నాడు. సాయంత్రానికి ఒక ప్యానెల్ పూర్తయింది. ఆవిడ లేవలేదు. దీపం దగ్గరికి లాగి, "ఆ మూల అతుకు ఒకసారి చూడండి" అంది అతనితో.

"అక్కర్లేదండీ" అన్నాడతను.

"చూడాలండీ" అంది.

అతను వంగి చూశాడు.

కొత్త ప్యానెళ్ళు వెళ్ళాయి, నిలబడ్డాయి. ఆవిడ చేతులు బాగుపడ్డాయి, మళ్ళీ బల్ల కింద ముక్క ఉండేది కాదు. కానీ నేను రిటైరయ్యే రోజుదాకా, ఆ మూల టంకం ఎవరో ఒకరికి చూపించకుండా ఆవిడ ఒక్క ప్యానెల్ కూడా ముందుకి పంపలేదు. చాలాసార్లు నాకే చూపించేది. నేను కళ్ళజోడు పెట్టుకుని, తప్పేవీ ఉండదని తెలిసి కూడా వంగి చూసి, "బావుందమ్మా" అనేవాణ్ణి. ఎన్నిసార్లు అన్నా, తర్వాతి ప్యానెల్‌కి మళ్ళీ అడిగేది.